ఆర్నెల్ల కిందటి అంకె ఇప్పుడు మళ్ళీ రావడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ఒక ఆరోగ్య సంస్థలో ఉన్న ఒకే ఒక్క డేటా అనలిస్ట్. ఆర్నెల్ల కింద తెలంగాణ జిల్లాల వారీగా చిన్నపిల్లల్లో రక్తహీనత మీద రిపోర్ట్ ఇచ్చారు. ఇప్పుడు పైవాళ్ళు ఒక జిల్లా అంకె ఎలా వచ్చిందని అడిగారు. అదే స్క్రిప్ట్ నడిపితే రిపోర్ట్‌లో ఉన్న 61.3 శాతం బదులు 60.8 వస్తోంది. ఈలోపు ల్యాప్‌టాప్ మారింది, ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామ్ వెర్షన్ మారింది, ఫోల్డర్‌లో "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ సార్ చూసింది" అని మూడు ఎక్సెల్ ఫైళ్ళున్నాయి. ఒకరు గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునూ చరిత్రగా దాచే టూల్) నేర్చుకోమన్నారు, ఒకరు డాకర్ (కోడ్ నడిచే వాతావరణం మొత్తాన్నీ పెట్టెలా కట్టి పెట్టేది) అన్నారు, ఇంకొకరు స్నేక్‌మేక్ (స్క్రిప్టులను వరుస ప్రకారం నడిపే టూల్) లేకుండా కుదరదన్నారు. వీటిలో ఏది ముందు?

ఆ మూడింటిలో ఏదీ ముందు కాదు. ముడి ఫైలు దగ్గర నుంచి రిపోర్ట్‌లోని అంకె దాకా, మధ్యలో మీ చేత్తోనో ఇంకొకరి చేత్తోనో జరిగిన పనులన్నీ ముందు వెతికి పట్టుకోండి. ఒక్కొక్కదాన్నీ కోడ్‌లోకి ఎక్కించండి. ఎక్సెల్‌లో తెరిచి ఒక గడి సరిచేయడం, ఫిల్టర్ పెట్టి రెండు వరుసలు తీసేయడం, జిల్లా పేరు దిద్దడం, వర్డ్‌లోకి అంకె కాపీ చేయడం, అన్నీ. అది పూర్తయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది: ఫలితాల ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి, ఒకే ఒక్క స్క్రిప్ట్ నడపండి. ప్రతి పట్టికా, ప్రతి గ్రాఫూ, ప్రతి అంకే తిరిగి అలాగే రావాలి. మీ ల్యాప్‌టాప్‌లో వచ్చాక పక్కవాళ్ళ ల్యాప్‌టాప్‌లో కూడా రావాలి. గిట్, డాకర్ ఈ పరీక్ష నెగ్గిన పనిని కాపాడటానికి బాగా పనికొస్తాయి. అంతకుముందే వాటితో మొదలుపెడితే, చేత్తో చేసిన దిద్దుబాటు ఎక్కడుందో అక్కడే దాగి ఉంటుంది.

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ క్లేర్‌బౌట్ అనే భూభౌతిక శాస్త్రవేత్త 1990ల మొదట్లోనే తన విద్యార్థులందరికీ ఈ నియమం పెట్టారు. థీసిస్‌లోని ప్రతి బొమ్మకూ రెండు కమాండ్లు ఉండాలి: ఒకటి బొమ్మను తగలబెట్టేది, రెండోది మళ్ళీ కట్టేది. మొదటిదాని పేరే "బర్న్". తగలబెట్టినా భయం లేని బొమ్మనే వాళ్ళు పూర్తయినట్టు లెక్కపెట్టేవారు. ముప్పై ఏళ్ళు దాటినా ఇంతకన్నా సూటి పరీక్ష నాకు కనిపించలేదు.

నేను పదిహేడేళ్ళుగా హైదరాబాద్‌లో సర్వే డేటా, ఆస్పత్రి రికార్డుల మీద పని చేస్తున్నాను. కింద రాసేవన్నీ అందులోంచి వచ్చినవే. మీది ఆర్ కాబట్టి ఆర్ ఉదాహరణలు ఎక్కువ, పైథాన్‌కూ చాలావరకు ఇవే వర్తిస్తాయి.

ముందు మీ 61.3, 60.8 సంగతి

ఏదీ మార్చకుండా మొత్తం ఫోల్డర్‌ను ఇంకోచోటికి కాపీ చేసి పెట్టండి. మూడు "ఫైనల్" ఫైళ్ళలో ఒక్కటి కూడా డిలీట్ చేయకండి, ఇప్పుడు అవే మీకు సాక్ష్యం.

తరవాత, శాతాన్ని పక్కన పెట్టి హారం చూడండి. ఆ జిల్లాలో ఆర్నెల్ల కింద ఎంతమంది పిల్లల మీద లెక్క కట్టారు, ఇప్పుడు ఎంతమంది మీద కడుతున్నారు? నా అనుభవంలో ఇలాంటి అర శాతం తేడాల్లో చాలావాటికి కారణం హారంలోనే దొరికింది. ముడి ఫైల్లో ఎన్ని వరుసలు, వయసు వడపోత తరవాత ఎన్ని, హిమోగ్లోబిన్ విలువ లేనివాళ్ళను తీసేశాక ఎన్ని, జిల్లా పట్టికతో జాయిన్ చేశాక (అంటే ఉమ్మడి కాలమ్ మీద రెండు పట్టికలనూ కలిపాక) ఎన్ని, ఇలా ప్రతి మెట్టు దగ్గరా సంఖ్య రాసుకుంటూ రండి. పాత సంఖ్యకూ కొత్త సంఖ్యకూ ఏ మెట్టు దగ్గర దారి వేరైందో అక్కడే మీ తప్పు ఉంది. జాయిన్ తరవాత వరుసలు పెరిగితే, కుడివైపు పట్టికలో ఏదో జిల్లా రెండుసార్లు ఉంది. తగ్గితే, ఏదో పేరు కలవలేదు.

హారం సరిపోయి లవం మారితే అప్పుడు నిర్వచనం చూడండి. రక్తహీనతకు ఇది మరీ ముఖ్యం. 6 నుంచి 59 నెలల పిల్లలకు డెసిలీటరుకు 11 గ్రాముల కన్నా తక్కువ హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత అని చాలా ఏళ్ళుగా లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో దీన్ని సవరించి, 6 నుంచి 23 నెలల పిల్లలకు ఆ గీతను 10.5కి దించింది. మీ కోడ్ మధ్యలో ఎక్కడో 11 అని నేరుగా రాసి ఉంటే, ఎవరైనా ఒకచోట మార్చి రెండోచోట వదిలేసే అవకాశం ఉంది. ఇలాంటి గీతలన్నీ స్క్రిప్ట్ మొదట్లో పేరు పెట్టి ఒకేచోట రాయాలి. ఏ సంవత్సరపు నిర్వచనమో పక్కన ఒక మాట ఉండాలి.

ఎక్సెల్‌లో తెరవడం కూడా మార్పే

చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. "నేను ఏమీ మార్చలేదు, తెరిచి సేవ్ చేశానంతే" అంటారు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. పదహారో అంకె సున్నా అయిపోతుంది. మా సర్వే ఒకదానిలో ఇంటి నంబరు 16 అంకెలు. ఫీల్డ్ టీమ్‌లో ఒకరు సీఎస్‌వీ ఫైలు (విలువల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైలు) ఎక్సెల్‌లో తెరిచి, కాలమ్ వెడల్పు సరిచేసి, సేవ్ చేసి పంపారు. అన్ని ఇళ్ళ నంబర్లూ సున్నాతో ముగిశాయి. పక్కపక్క ఇళ్ళు ఒకటే అయిపోయాయి. జాయిన్‌లో ఎర్రర్ ఏమీ రాలేదు, ఒకరి పిల్లలు ఇంకొకరి ఇంట్లో చేరారంతే. ఒక సూపర్‌వైజర్ "ఈ ఇంట్లో పదకొండు మంది పిల్లలా?" అని అడగబట్టి దొరికింది. ఆమె ఆ ఊరికి స్వయంగా వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి అడగగలిగింది. ఆ రోజు నుంచి మా దగ్గర ఐడీ అనేది ఎప్పుడూ అక్షరాల రూపంలోనే చదవాలి, సంఖ్యగా చదవకూడదు అని నియమం.

ఇంగ్లండ్‌లో 2020లో ఇంతకన్నా పెద్దది జరిగింది. కోవిడ్ పాజిటివ్ కేసుల ఫైళ్ళు పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తుంటే, ఆ ఫార్మాట్ పట్టేది 65,536 వరుసలే కావడంతో మిగతావి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్ళను కలిసినవాళ్ళను వెతికే పని కూడా అన్ని రోజులు ఆలస్యమైంది.

అందుకే ముడి డేటా ఫోల్డర్ వేరుగా ఉండాలి, అందులోకి ఎవరూ రాయకూడదు. ఫైలు వచ్చిన రోజే రీడ్ ఓన్లీ చేసేయండి. పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో ఎవరు పంపారు, ఏ తేదీన, ఎన్ని వరుసలు, ఎన్ని కాలమ్‌లు, దాని షా 256 చెక్‌సమ్ ఎంత అని రాయండి. చెక్‌సమ్ అంటే ఫైలు వేలిముద్ర. ఫైల్లో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ఆర్నెల్ల తరవాత "ఇదే ఫైలా?" అన్న ప్రశ్నకు అర నిమిషంలో జవాబు దొరుకుతుంది. మీ స్క్రిప్ట్ మొదటి పని ఆ వేలిముద్ర సరిచూడటమే కావాలి, తేడా వస్తే అక్కడే ఆగిపోవాలి.

ఎక్సెల్ వాడే సహోద్యోగులతో

వాళ్ళను ఎక్సెల్ మానేయమనకండి. ఫీల్డ్‌ను ఎరిగినవాళ్ళు వాళ్ళు, తప్పులు పట్టేదీ వాళ్ళే. "ఈ పాప వయసు 72 నెలలు కాదు, 27" అని చెప్పగలిగేది ఆ ఏఎన్ఎం మాత్రమే. ఆ మాట మీకు కావాలి, కానీ అది ముడి ఫైల్లోకి నేరుగా పోకూడదు.

నేను చేసేది ఇది. దిద్దుబాట్ల పట్టిక అని ఒక ఎక్సెల్ షీట్ ఇస్తాను. అందులో ఏడు కాలమ్‌లు: రికార్డ్ ఐడీ, ఏ కాలమ్, పాత విలువ, కొత్త విలువ, కారణం, ఎవరు చెప్పారు, తేదీ. వాళ్ళు అందులో వరుసలు చేరుస్తూ పోతారు. నా స్క్రిప్ట్ ముడి డేటా చదివి, ఈ పట్టిక చదివి, ఒక్కో దిద్దుబాటూ వేస్తుంది. వేసే ముందు, పట్టికలో రాసిన పాత విలువ, ముడి డేటాలో ఉన్న విలువ ఒకటేనా అని చూస్తుంది. కాకపోతే ఆగి ఏ వరుసో చెబుతుంది. పాత విలువ కాలమ్ ఎందుకని మొదట్లో అందరూ అడుగుతారు. ఒకే రికార్డును ఇద్దరు దిద్దినప్పుడూ, ఐడీ తప్పు కొట్టినప్పుడూ పట్టించేది అదే.

దీనివల్ల ఇంకో మేలు నేను ముందు ఊహించలేదు. ఏడాది చివర ఆ పట్టిక తెరిచి చూస్తే, దిద్దుబాట్లలో సగం పైగా ఒకే ప్రశ్న మీద ఉన్నాయి. పుట్టిన తేదీ అడిగే పద్ధతిలోనే లోపముందని తెలిసింది. తరవాతి సర్వేలో ఆ ప్రశ్ననే మార్చాం. ఎక్సెల్ గడుల్లో నేరుగా దిద్ది ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

జిల్లాల పేర్లు: మన దగ్గర ఇదే అసలు గండం

తెలుగు రాష్ట్రాల డేటా మీద పని చేసేవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో తెలంగాణకు 10 జిల్లాలు, ఐదో విడతలో 31. 2011 జనాభా లెక్కల్లో పాత జిల్లాలే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వరంగల్. 2016కు ముందు ఆ పేరుకు అర్థం పాత జిల్లా మొత్తం. 2016లో అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, ఇంకొన్ని జిల్లాలుగా విడిపోయింది. 2021లో అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మార్చారు, కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. అంటే 2015 ఫైల్లో వరంగల్, 2022 ఫైల్లో వరంగల్ అక్షరం పొల్లు పోకుండా ఒకటే, భూమి మాత్రం వేరు. పేరు మీద జాయిన్ చేస్తే చక్కగా కలుస్తుంది, ఎర్రర్ రాదు, అందమైన గ్రాఫ్ వస్తుంది, ఆ గ్రాఫ్ తప్పు. పేరు కలవకపోతే కనీసం మనకు తెలుస్తుంది. కలవకూడనిది కలిస్తేనే తెలియదు.

దీనికి నేను వాడే మందు ఒక చిన్న మ్యాపింగ్ ఫైలు. ఒక్కో వరుసలో: ఏ డేటా, అందులో పేరు ఎలా రాసి ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుంది, మా ప్రామాణిక కోడ్ ఏది. కోడ్‌గా పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సంఖ్యలు వాడండి, సొంతంగా కనిపెట్టకండి. పేరు దిద్దుబాటు కోడ్ మధ్యలో "ఇది ఉంటే అది" అని ఇరవైచోట్ల రాయకండి, అంతా ఈ ఒక్క ఫైల్లోనే. జాయిన్ అయ్యాక కలవని పేరు ఒక్కటి మిగిలినా స్క్రిప్ట్ ఆగిపోవాలి, హెచ్చరిక ఇచ్చి ముందుకు పోకూడదు. హెచ్చరికలు ఎవరూ చదవరు, నేనూ చదవలేదు, అలాగే ఒకసారి ఒక మంత్లీ రిపోర్ట్‌లో రెండు జిల్లాలు లేకుండానే వెళ్ళిపోయాయి.

పాతదానితో పోల్చాలంటే కొత్త జిల్లాలను కలిపి పాత జిల్లాగా చేయండి. పాతదాన్ని విడగొట్టి కొత్తవాటికి పంచడం, మండల స్థాయి డేటా లేకుండా చేయకండి.

మీ 61.3 జిల్లా ఏదో మీరు చెప్పలేదు. అది ఉమ్మడి వరంగల్ వైపుదైతే ముందు ఇక్కడే చూడండి.

కవల పిల్లలు, ర్యాండమ్ నంబర్లు

ఒకసారి మాకు ఒకే కోడ్, ఒకే డేటా, ఒకే ఆర్ వెర్షన్, అయినా రెండు మెషీన్లలో రెండు ఫలితాలు. తేడా ముగ్గురు నలుగురు పిల్లలది. రెండు రోజులు వెతికాం. ప్రతి ఇంట్లో అతి చిన్న బిడ్డను ఎంచుకోవాలి. కోడ్ వయసు ప్రకారం వరుస పేర్చి మొదటి వరుస తీసుకుంటోంది. కవలలు ఉన్న ఇంట్లో ఇద్దరి వయసూ ఒకటే. అప్పుడు ఎవరు ముందొస్తారన్నది డేటా ఏ క్రమంలో వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంది. డేటాబేస్ నుంచి తెచ్చేటప్పుడు ఏ క్రమంలో ఇవ్వాలో చెప్పే ఆర్డర్ బై అనే మాట లేదు కాబట్టి ఆ క్రమం ఒక్కోసారి ఒక్కోలా ఉంది. వయసు తరవాత బిడ్డ లైన్ నంబర్ కూడా సార్టింగ్‌లో చేర్చగానే సమస్య పోయింది.

వరుస పేర్చి మొదటిది తీసుకునే ప్రతిచోటా, సమానంగా నిలిచేవాళ్ళు ఉంటే ఏమవుతుందో అడగండి. తాజా రికార్డు తీసుకోవడం, ఆఖరి విజిట్ తీసుకోవడం, డూప్లికేట్లు తీసేయడం, అన్నీ ఇదే రకం. పైథాన్‌లోని పాండాస్ అనే డేటా ప్యాకేజీలో మామూలుగా వచ్చే సార్టింగ్ సమానమైన వాటి పాత క్రమాన్ని నిలుపుతుందన్న హామీ కూడా లేదు.

శాంపిల్ తీసేటప్పుడు, బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటా నుంచే మళ్ళీ మళ్ళీ శాంపిల్ తీయడం) చేసేటప్పుడు సీడ్ (ర్యాండమ్ నంబర్లు ప్రతిసారీ ఒకేలా రావడానికి ఇచ్చే మొదటి సంఖ్య) పెట్టమని అందరూ చెబుతారు, పెట్టండి. కానీ సీడ్ ఒక్కటే చాలదు. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో శాంపిల్ ఫంక్షన్ లోపలి పద్ధతి మారింది. అదే సీడ్ పెట్టినా అంతకుముందు వెర్షన్‌లో ఒక శాంపిల్, ఆ తరవాత వెర్షన్‌లో ఇంకో శాంపిల్ వస్తుంది. ఆ మార్పు సరైన కారణంతోనే చేశారు, పాత పద్ధతిలో చిన్న పక్షపాతం ఉండేది. పాత రిపోర్ట్ తిరిగి తేవాలంటే పాత పద్ధతిని అడిగి పెట్టించుకోవచ్చు. అది చేయాలంటే ముందు ఏ వెర్షన్‌లో నడిపారో రాసి ఉండాలి కదా. అందుకే ఎంపికైన శాంపిల్ ఐడీలను కూడా నేను ఒక ఫైల్లో దాచి పెడతాను.

ల్యాప్‌టాప్ మారితే గడియారం కూడా మారొచ్చు

ట్యాబ్‌లో నింపిన ఫారాలు సర్వర్‌కు చేరినప్పుడు, సమయం చాలాసార్లు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, నమోదవుతుంది. మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. మన అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5:29 దాకా జరిగినవన్నీ యూటీసీ ప్రకారం ముందు రోజు ఖాతాలో పడతాయి. ఆస్పత్రి ప్రసవాల డేటాలో ఇది చిన్న విషయం కాదు, తెల్లవారుజామున కాన్పులు రోజూ ఉంటాయి. ఒకటో తేదీ తెల్లవారి పుట్టిన బిడ్డ గత నెల లెక్కలోకి పోతుంది. మీ పాత ల్యాప్‌టాప్ భారత సమయంలో, కొత్త సర్వర్ యూటీసీలో ఉంటే అదే కోడ్ రెండు నెలవారీ మొత్తాలు ఇస్తుంది. టైమ్ జోన్‌ను మెషీన్‌కు వదిలేయకుండా కోడ్‌లో స్పష్టంగా ఆసియా కోల్‌కతా అని రాయండి. తేదీలను కూడా ఏ ఫార్మాటో చెప్పి చదివించండి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా సెట్టింగ్ ఉన్న మెషీన్‌కు మార్చి 4.

వెర్షన్ల సంగతి

ఆర్‌లో ఆర్ఈఎన్‌వీ ప్యాకేజీ వాడండి. మీరు వాడిన ప్రతి ప్యాకేజీ వెర్షన్ ఒక లాక్ ఫైల్లో రాసి పెడుతుంది, కొత్త మెషీన్‌లో అవే తెప్పిస్తుంది. అది ఆర్‌ను ఇన్‌స్టాల్ చేయదు, దాని వెర్షన్ నోట్ చేసుకుంటుందంతే. ఆర్ మాత్రం మీరే అదే వెర్షన్ పెట్టుకోవాలి. వెర్షన్ మారితే ఏమవుతుందిలే అనుకోవద్దు. 2020లో ఆర్ 4.0.0 వచ్చినప్పుడు ఫైల్లోని అక్షరాల కాలమ్‌లను తనంతట తాను ఫ్యాక్టర్లుగా, అంటే వర్గాలుగా, మార్చే పాత అలవాటు పోయింది. దాని మీద ఆధారపడిన ఎన్నో పాత స్క్రిప్టులు వేరే దారి పట్టాయి. పైథాన్ అయితే ఇదే పనికి యూవీ గానీ కోండా గానీ, లాక్ ఫైలు ఉండటం ముఖ్యం. స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో పని చేసే స్నేహితులకు అదృష్టవశాత్తూ వెర్షన్ అనే ఒక కమాండే ఉంది, స్క్రిప్ట్ మొదటి లైన్‌లో రాస్తే చాలావరకు ఆ పాత వెర్షన్‌లాగే నడుస్తుంది.

డాకర్ ఎప్పుడు? మ్యాపులు గీసే ప్యాకేజీల్లాగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లైబ్రరీల మీద ఆధారపడేవి ఉన్నప్పుడు, లేదా ఐదేళ్ళ తరవాత కూడా నడిపి చూపించాల్సిన ఒప్పందం ఉన్నప్పుడు. పెట్టుకుంటే లేటెస్ట్ అనే ట్యాగ్ వాడకండి, అది వారం వారం వేరే దాన్ని చూపించవచ్చు. మీకు ఇప్పుడు అవసరం లేదు.

స్నేక్‌మేక్, ఆర్‌లో టార్గెట్స్ ప్యాకేజీ, మేక్ కూడా అంతే. మీ మొత్తం పని పది నిమిషాల్లో పూర్తయితే, 01 నుంచి 06 దాకా నంబర్లు వేసిన స్క్రిప్టులను వరుసగా పిలిచే ఒక స్క్రిప్ట్ చాలు. రెండు గంటలు పడుతుంటే, మారిన భాగాన్నే మళ్ళీ నడిపే ఇలాంటి టూల్ అవసరమవుతుంది.

జూపిటర్ నోట్‌బుక్ (కోడ్, ఫలితం సెల్స్ అనే ముక్కలుగా ఒకే ఫైల్లో ఉండేది) వాడేవాళ్ళకు ఒక్క మాట. 2019లో, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లోని దాదాపు 14 లక్షల నోట్‌బుక్‌ల మీద ఒక అధ్యయనం వచ్చింది. నడిపి చూసినవాటిలో ఎర్రర్ లేకుండా చివరిదాకా నడిచినవి 24 శాతమే, అవే ఫలితాలు వచ్చినవి 4 శాతమే. సెల్స్‌ను ఇష్టమొచ్చిన క్రమంలో నడపడం ఒక పెద్ద కారణం. రీస్టార్ట్ చేసి పైనుంచి కిందికి మొత్తం నడిపి చూడకుండా ఏ నోట్‌బుక్కూ పంపకండి. ఆర్‌స్టూడియోలో కూడా వర్క్‌స్పేస్ సేవ్ చేయడం, తెరవగానే తిరిగి తెచ్చుకోవడం, రెండూ సెట్టింగ్స్‌లో ఆపేయండి. నిన్నటి ఆబ్జెక్టులు మెమరీలో ఉండిపోతే కోడ్‌లో లేని లైన్ కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

రిపోర్ట్‌లోకి అంకె చేత్తో పోకూడదు

2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ప్రముఖ ఆర్థికవేత్తలు, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతమని రాశారు. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి ఆ లెక్క మళ్ళీ కట్టారు. సగటు ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు కలవలేదని తేలింది. దానితోపాటు కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, దేశాలకు బరువులిచ్చిన పద్ధతి కూడా కలుపుకుని సరిచేస్తే వాళ్ళ లెక్కలో 2.2 శాతం వచ్చింది. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది, రచయితలు తమ ఎక్సెల్ ఫైలు ఆ విద్యార్థికి పంపారు. పంపారు కాబట్టే తప్పు బయటపడింది. ప్రచురించిన పేపర్ చదివితే ఎన్నేళ్ళయినా దొరికేది కాదు.

మీ రిపోర్ట్‌ను, రాతా కోడూ ఒకే ఫైల్లో కలిసి ఉండే క్వార్టోలోనో ఆర్ మార్క్‌డౌన్‌లోనో రాయండి. పట్టికలే కాదు, వాక్యంలోని అంకె కూడా కోడ్ నుంచే రావాలి. పట్టికలో కొత్త అంకె, కింద పేరాలో పాత అంకె ఉన్న రిపోర్ట్ నేను నా చేతులతో ఒక జిల్లా అధికారికి ఇచ్చాను. ఆయన ఆ రెంటినీ వేలితో చూపించి ఏది నిజమని అడిగారు, నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. వర్డ్ ఫైలే కావాలంటే క్వార్టో వర్డ్ కూడా ఇస్తుంది, కాబట్టి పైవాళ్ళ అలవాటు మార్చాల్సిన పని లేదు.

గిట్ ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది. రిపోర్ట్ పంపే రోజున కమిట్ చేసి (అంటే ఆ రోజు కోడ్ ఎలా ఉందో గిట్‌లో నమోదు చేసి), ట్యాగ్ అనే పేరు పెట్టి, ఆ కమిట్ నంబరు రిపోర్ట్ ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో అచ్చయ్యేలా చేయండి. ఆర్నెల్ల తరవాత ఎవరైనా ప్రింట్ పట్టుకొచ్చినా, ఆ నంబరుతో ఆ రోజు కోడ్‌కు తిరిగి వెళ్ళవచ్చు. "ఫైనల్ సార్ చూసింది" లాంటి పేర్లు అప్పుడు అక్కర్లేదు.

డేటాను మాత్రం గిట్‌లో పెట్టకండి. ఒకసారి కమిట్ అయితే, తరవాత తీసేసినా చరిత్రలో ఉంటుంది. పిల్లల పేర్లు, తల్లి ఫోన్ నంబర్లు, ఊరి పేర్లు ఉన్న ఫైలు అది. ఇంకొకరు మీ లెక్క సరిచూడాలంటే కోడ్, లాక్ ఫైలు, చెక్‌సమ్, డేటా కోసం ఎవరిని అడగాలో చెప్పే ఒక పేజీ, కోడ్ నడిచి చూపించడానికి అదే కాలమ్‌లతో కల్పించిన ఒక చిన్న ఫైలు ఇస్తే చాలు. కుటుంబ ఆరోగ్య సర్వే వ్యక్తి స్థాయి డేటా కూడా రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకే ఇస్తారు, మనం ఇంకొకరికి పంచకూడదు. వాళ్ళే తీసుకుంటారు, మన కోడ్ వాళ్ళ దగ్గర నడుస్తుంది.

ఎక్కడిదాకా పట్టుబట్టాలి

అన్ని అంకెలూ పదో దశాంశం దాకా కలవాలని కూర్చోకండి. సంఖ్యలు కూడే క్రమం మారితే చివరి దశాంశాల్లో తేడా రావడం కంప్యూటర్ లెక్కల స్వభావం. మల్టీలెవల్ మోడళ్ళలో ఇంకాస్త ఎక్కువ తేడా కనిపించవచ్చు. వరుసల సంఖ్యలు, హారాలు, లవాలు మాత్రం ఒక్కటి కూడా తేడా రాకూడదు, అవి పూర్ణాంకాలు. నేను పాత ఫలితాల ఫైలును దాచి పెట్టి, ప్రతిసారీ కొత్తదానితో కోడ్‌తోనే పోలుస్తాను. పూర్ణాంకాలకు పూర్తి సమానత, శాతాలకు రిపోర్ట్‌లో చూపించే దశాంశం దాకా సమానత.

అలాగే అదే తప్పును ప్రతిసారీ అచ్చంగా తిరిగి తెచ్చే స్క్రిప్ట్ కూడా ఈ పరీక్ష నెగ్గుతుంది. లెక్క సరైనదా కాదా అన్నది వేరే ప్రశ్న, దానికి ఆ పని తెలిసిన ఇంకో మనిషి చదవాలి. కానీ చదవాలంటే, ఏం జరిగిందో మొత్తం ఒకచోట రాసి ఉండాలి.

పాత ప్రాజెక్టులన్నీ ఒకేసారి సరిచేయాలని టెన్షన్ పడకండి. ఈ ఒక్క రిపోర్ట్ తీసుకోండి. మొదటి రెండు రోజులు మెట్ల వారీగా వరుసల లెక్క. తరవాతి వారం ముడి ఫోల్డర్, దిద్దుబాట్ల పట్టిక, జిల్లాల ఫైలు. ఆ తరవాత ఆర్ఈఎన్‌వీ, గిట్. ఆఖరున పక్క ల్యాప్‌టాప్‌లో ఇంకొకరి చేత నడిపించండి, మీరు పక్కన కూర్చోండి గానీ కీబోర్డ్ ముట్టుకోకండి. వాళ్ళు ఎక్కడ ఆగి మిమ్మల్ని ప్రశ్న అడిగితే, అక్కడ రీడ్‌మీలో (ఎలా నడపాలో చెప్పే ఫైల్లో) ఒక లైన్ తక్కువైనట్టు.

పైవాళ్ళకు ఇప్పుడు ఏం చెప్పాలన్నది మీరు అడగలేదు, కానీ మీ మాటల్లో ఆ భయం కనిపించింది. తేడా ఉందని ఈ రోజే చెప్పండి. "రిపోర్ట్‌లో 61.3 ఉంది, ఇప్పుడు 60.8 వస్తోంది, కారణం ఏ మెట్టు దగ్గరుందో చూస్తున్నాను, ఫలానా రోజుకు రాతపూర్వకంగా ఇస్తాను" అని. కారణం దొరక్కపోయినా రెండు అంకెలూ, రెండు హారాలూ ఆ కాగితంలో ఉండాలి. పాతదానికి సరిపోయేలా కోడ్‌ను సవరించి 61.3 తెప్పించే పని మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా చేయకండి. ఆ జిల్లాలో ఐరన్ సిరప్ సీసాలు ఎన్ని పంపాలో ఆ అంకె చూసే ఎవరో లెక్క కడతారు.

జిల్లా పేరు, రెండు హారాలు, పాత ఆర్ వెర్షన్ గుర్తుంటే అదీ రాయండి. పిల్లల వివరాలేవీ వద్దు, సంఖ్యలు చాలు. చూసి ఏ మెట్టు దగ్గర వెతకాలో చెబుతాను.